ఊదండి, ఇంకా

పుత్లీబౌలి సందులో
నా పదమూడేళ్ళ కారు బొజ్జ కింద పడుకుని
సర్వర్ మియా రబ్బరు సుత్తితో తట్టాడు.
లోపల గలగల.
మరమరాల డబ్బా ఊపినట్టు.
"తేనెపట్టు పగిలిందమ్మా.
గందుకే లక్డీకాపూల్ చడావు ఎక్కుతలేదు నీ బండి."

నెల రోజులుగా కుళ్ళిన గుడ్డు వాసన.
నాలా అనుకున్నాను. మూసీ అనుకున్నాను.
ముందు పోయే లారీని అద్దం దించి మరీ తిట్టాను.
నా బండేనని
ఒక్కసారి కూడా తోచలేదు.

బానెట్ దుమ్ములో వేలితో ధరలు రాశాడు.
కంపెనీది, డెబ్బై ఒక్క వేలు, పద్నాలుగు రోజులాగాలి.
బయటిది, పంతొమ్మిది, రేప్పొద్దున.
మూడోదానికి అంకె రాయలేదు, గొంతు తగ్గించాడు:
"ఖాళీ డబ్బా. లోపలేముండదు.
పైకి అసలు లెక్కనే కొడ్తది.
మూడు వేలు. పొల్యూషన్ కాయితం నేను తెప్పిస్త."

మొత్తం బండి అమ్మితే లక్షా పది రావు.
డెబ్బై వేలది పెట్టడమంటే
ముసలి గుర్రానికి వెండి లాడం.
కంపెనీదాంట్లో ప్లాటినం దండిగా ఉంటుందట,
బయటిదాంట్లో తాళింపులో ఇంగువంత.
"మరి పగిలిన పాతదో?" అన్నాను.
"అది నాకిడిసిపెట్టు, ఎనిమిది వేలు కోస్త."
ఇంగువ కట్టిన గుడ్డన్నమాట.
కొత్తదాని కన్నా
మసిబారిన ఈ ముక్కల్లోనే ఎక్కువుందేమో,
నేను బేరమాడలేదు.
బేరమాడే టైముకి ఆయనకి దగ్గొచ్చింది.

టైరు మీద కూర్చుని, మోకాళ్ళు పట్టుకుని,
భుజాలు చెవుల దాకా లేపి
గాలిని లోపలికి గుంజుతుంటే
అప్పుడు గుర్తుపట్టాను.

ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో
ఊపిరి కొలిచే గది నాది.
ముక్కుకి క్లిప్పు, నోట్లో అట్టగొట్టం,
రోజుకి నలభై మంది ముందు చేతులెత్తి అరుస్తాను
ఊదండి ఊదండి ఊదండి
ఇంకా ఇంకా ఇంకా.
ఆరు సెకన్లు ఊదాలి.
ఈయన రెండు దగ్గరే ఆగాడు, మూడుసార్లూ.
నలభై నాలుగు శాతం.
మళ్ళీ రమ్మన్న తారీకు దాటి ఎన్నాళ్ళో అయింది.
మాస్కు లేని మొహం కదా,
నన్ను పోల్చుకోలేదు.

"నీ బండికైతే ఏది పెట్టుకుంటవు మియా?"
నవ్వాడు. "నాకు బండెక్కడిదమ్మా.
ముప్పై రెండేండ్ల సంది మంది బండ్ల కిందనే."
గొట్టానికీ ఆయన ముక్కుకీ మధ్య
జానెడు కూడా లేదు, పడుకున్నప్పుడు.

ఖాళీ డబ్బా ఊసు మళ్ళీ ఎత్తలేదు నేను.
డెబ్బై వేలూ నా దగ్గర లేవు,
ఉన్నాయని అబద్ధం ఎందుకు.
బయటిదాంట్లోనే
నంబరు చెక్కినది కావాలన్నాను.
ఇరవై నాలుగు. చేతిలో తిప్పి చూసి,
వెలుగులో ఆ అంకెలు రెండుసార్లు చదివాను
మందుసీసా మీద తేదీ చూసినట్టు.
రెండేళ్ళొస్తుందో, నాలుగొస్తుందో.

మర్నాడు నాంపల్లి పెట్రోలు బంకులో
పొల్యూషన్ వ్యాన్ పిల్లాడు
నంబరు ప్లేటుకి ఫొటో కొట్టి
కాయితం చింపి ఇవ్వబోయాడు.
"గొట్టం పెట్టు" అన్నాను.
"ఎందుకు మేడం, అందరికీ ఇట్లనే."
"పెట్టవయ్యా."
విసుక్కుంటూ పెట్టాడు.
ఇంజను మీద కాలు నొక్కుతూ
నాకు తెలీకుండానే ఒక చెయ్యి పైకి లేచింది.
ఇంకా. ఇంకా. ఇంకా.
వాడు నన్ను వింతగా చూశాడు.

అంకె బాగానే వచ్చింది.
కాయితం వెనక
గది నంబరూ, బుధవారం పొద్దున తొమ్మిదీ రాసి
పుత్లీబౌలికి తిప్పాను బండిని.
సర్వర్ మియా కాళ్ళు మాత్రమే కనిపించాయి,
ఇంకెవరిదో తెల్ల కారు కింద నుంచి.
ఇంజను ఆన్‌లోనే ఉంది.