పుదీనా కట్ట

"నాన్నా, నిన్ను ఆడుకోనీకి ఎవరు పంపేటోళ్లు?"
అబాకస్ క్లాసుకు, హిందీ ట్యూషన్‌కు నడుమ
స్కూటీ మీద నా ఎనక కూసొని అడిగింది బిడ్డ,
మెట్టుగడ్డ సిగ్నల్ కాడ.

నవ్వొచ్చింది నాకు.
పంపుడేంది బిడ్డా, మేమే పోయేటోళ్లం.

పొద్దు పొడవంగనే గోడవతల ఊశన్న ఈలేస్తుండె.
జొన్నరొట్టె సగం నోట్లె, సగం లాగు జేబుల.
జేబుకు చిల్లి.
దారెంట తునకలు రాలుతుంటే
మా ఎనకనే ఊరి కోళ్లన్నీ.
గుట్టెక్కి, కండ్లిచ్చిన సీతపండ్లు తెంపి
బండల సందుల గడ్డి పరిసి దాసేటోళ్లం.
మూడొద్దులకు ఏ సందో మర్సిపోయి
గుట్టంత ముక్కుతోటి ఎతికేటోళ్లం.

ఒకనాడైతే
సన్నపట్టాల రైలు యాడికి పోతదో సూద్దామని
దేవరకద్ర దాటి కౌకుంట్ల దాక నడిసినం,
నేను, ఊశన్న, కుర్మయ్య.
ఎండకు పట్టా మీద చెవివెడితే సుర్రుమనేది,
అయినా పెట్టినం.
ఎన్నెల వడ్డంక ఇంటికొచ్చినం.
ఎవ్వరడగలే.

"ఎవ్వరడగలే" అని గొప్పగ చెప్తున్ననా,
మాట మధ్యల ఆగింది.
సిగ్నల్ పచ్చగైనా నేను కదల్లే.
ఎనకున్న ఆటోవోడు హారన్ కొట్టిండు.

ఎవరుండిరి అడగనీకి?
దసరా ఎల్లంగనే అమ్మ, నాయిన
మేస్త్రి లారీ ఎక్కేటోళ్లు.
పేరు నోరు తిరగని ఊర్ల ఏదో కాలువ.
ఇద్దరికి కలిపి అడ్మాన్సు ఎనిమిది వందలు.
మళ్ల వానలకే మొకాలు సూసుడు.
సాయమ్మ అవ్వకు కండ్లల్ల పొరలు,
రాత్రి తలలు తడిమి లెక్కవెట్టేది.
ఒకనాడు నా జాగల ఊశన్న పండుకున్నడు.
"సరిపోయిండ్రు" అని దీపమార్పింది అవ్వ.
అరుగు మీద నేను ఆ మాట ఇన్న.

తిన్నవా అని అడిగేటోళ్లు లేకపోతే
ఊరంత మనదే అయితది బిడ్డా.
గుట్ట మనదే, రైలు మనదే.

పదకొండేండ్లకే కుర్మయ్య కూడ లారీ ఎక్కిండు,
గోలీలు నా చేతుల వోసి.
ఆ యేడు ఆడు దాసిన కాయలు
ఏ సందుల్నో మురిగినయ్. ఆ సందు మాకు దొరకలే.

ఇదంత బిడ్డకు చెప్పలే.
"మా అవ్వ పంపేది" అన్న, బండి కదిలించిన.

ఇప్పుడు నేను టైల్స్ షాపుల లెక్కలు రాస్తా.
గంటకోసారి ఫోన్ల నా బిడ్డ యాడున్నదో సూస్తా.
స్కూలు వ్యాను చుక్క తెలంగాణ చౌరస్తాల
రెండు నిమిషాలు ఆగితే
అంకెలు తప్పు పడతయ్ నాకు.
ఎవ్వరడగని సాయంత్రాలన్నీ
ఇప్పుడు ఒక్కదాన్నే పట్టుకొని అడుగుతున్న:
ఎక్కిన్నవా, దిగినవా, తిన్నవా, యాడున్నవ్?
పాపం, దానికేం తెలుసు
ఎవరి బాకీ తను కడుతున్నదో.

ఐతారం పొద్దుగాల ఇరవై రూపాయలిచ్చిన.
"కొత్తిమీర తే పో."
"ఒక్కదాన్నేనా?"
"ఒక్కదానివే."
వాళ్లమ్మ వంటింట్లకెల్లి తొంగి సూసి ఏమనలే.
మూడో అంతస్తు బాల్కనీల నిలవడ్డ.
గేటు. కరెంటు స్తంభం. ఇస్త్రీ బండి.
మూల తిరిగే కాడ ఆగి
తలెత్తి సూసింది, నేనున్ననా అని.
ఉన్న.

కౌకుంట్ల పోయిన నాడు
నేనొక్కసారన్న ఎనకకు సూడలే.

మూల తిరిగింది.
లోపల ఫోను చార్జింగుల ఉన్నది.
చెయ్యి గుంజుతున్నది, పోలే.
ఇస్త్రీ బండాయన మూడంగీలు మడతవెట్టే దాక
ఎట్లనో నిలవడ్డ.

వచ్చింది.
ఒక చెప్పు చేతుల, ఒకటి కాలుకు.
ఎవరిదో కుక్కపిల్ల ఎంబడివడ్డదట,
దానికో బన్ను కొనిపెట్టిందట,
ఆ సందుల ఒక జామచెట్టున్నదట, నాకు తెల్వదట!
ఆయాసంల అన్నీ ఒక్కసారే చెప్పి
చెయ్యి చాపింది:
పుదీనా కట్ట.