తెలిసినవాళ్ళు: నిల్

నుంగంబాకంలో మేడ మీద ఆఫీసు.
మెట్ల దగ్గరే నుదుటికి తుపాకీలాంటిది గురిపెట్టి
తొంభై ఏడు పాయింట్ రెండు, పోవచ్చన్నాడు వాచ్‌మన్.
లోపల ఏడు కుర్చీలు. నాలుగింటి మీద ఇంటూ గుర్తు టేపు.
మిగతా మూడూ ఎలాగూ ఖాళీనే.

అద్దానికి అవతల తేన్మొళి.
మాస్కు పైన కళ్ళు మాత్రమే ఉద్యోగం చేస్తున్నాయి.
"లోకమంతా ఇల్లు చేరితే చాలని ఏడుస్తుంటే
టూరిస్టు వీసానా సార్? మూడు నెలలా?"
అరవంలో అడిగింది.
నా రాయపురం అరవంలో అవునన్నాను.

గురునాథం, అరవై మూడు,
హార్బర్‌లో క్రేన్ ఆపరేటర్, రిటైర్డు.
పాస్‌పోర్టు కొత్తది, ఒక్క పేజీ నలగలేదు.
తాటిచెట్టు మీద తాటిచెట్టంత ఎత్తున
గాజుగూట్లో ముప్పై ఒక్క ఏళ్ళు కూర్చుని
ఓడల కడుపులో పెట్టెలు సర్దాను.
కాగితాల మీద ఒకటే ఊరు, మళ్ళీ మళ్ళీ:
లేమ్ చబాంగ్.
నోట్లో వేసుకుంటే ఏదో మిఠాయి పేరులా ఉండేది.

అడిగినవన్నీ తెచ్చాను.
ఆరు నెలల బ్యాంకు లెక్క:
పీఎఫ్ పడ్డ రోజు ఒక్క అంకె లావుగా,
ఆపైన కరెంటు బిల్లు, మందులు, కరెంటు బిల్లు.
కరోనా వస్తే లక్ష డాలర్లిచ్చే బీమా.
ఈ ఒంటికి అంత ధర ఇంతవరకూ ఎవరూ కట్టలేదు.
తెల్లగోడ ముందు ఫోటో, నవ్వకుండా,
రెండు చెవులూ కనబడేలా.
"ఇన్నేళ్ళకి నీ చెవుల్తో ఒకరికి పనిపడింది"
అంది మా రాజ్యం.

"పద్నాలుగు రోజులు గది దాటకూడదు,
అన్నం తలుపు బయట పెడతారు.
ఒంటరిగా ఉండగలరా?"
జబ్బు కబురు చెప్పినట్టు మెల్లగా చెప్పింది తేన్మొళి.
అమ్మా, నా క్యాబిన్‌లో రెండో మనిషికి చోటే లేదు.
షిఫ్టు మొత్తానికి వాకీటాకీలో వినబడే పలుకు
"కొంచెం ఎడమ", అంతే.
రేవు కనబడే కిటికీ ఉంటే చెప్పు,
అద్దె ఎక్కువైనా ఫర్వాలేదు.

పదిహేడో ప్రశ్న దగ్గర పెన్ను ఆగింది.
ఆ దేశంలో తెలిసినవారెవరైనా ఉన్నారా?
ఉన్నారన్నాను.
పేరు?
తెలియదు.

ఎలా చెప్పను.
నేనిక్కడ ఎత్తిన ప్రతి పెట్టెనీ
అక్కడెవరో దించాడు.
ఒకసారి తుపాను గాలికి
నీలం పెట్టె మూల గట్టుకు కొట్టుకుని సొట్టపడింది.
మూడు నెలలకు ఖాళీగా తిరిగొచ్చింది.
సొట్ట అలాగే ఉంది. గడియకు మాత్రం
ఎండిన పూలదండ, రంగుల పేలికతో ముడి.
మనవాళ్ళెవరూ అలా ముడేయరు.
విప్పొద్దురా అని పైనుంచి కేకేశాను.
కింది కుర్రాడికి వినబడలేదు. విప్పేశాడు.

"సార్, నిల్ అని రాయనా?"
రాయమన్నాను.

ఇరవై రెండు రోజులకు స్టిక్కరొచ్చింది.
విమానం ముందు ముక్కులో పుల్ల తిప్పిన ల్యాబువాళ్ళు
జబ్బు లేదన్నారు గానీ
గురునాథన్‌కి లేదన్నారు.
పుట్టినప్పటినుంచీ ఈ ఊళ్ళో నాతో ఇదే తంతు.
పెదాలు మూయాల్సిన చోట తెరిచి వదిలేస్తారు.
రేషను కార్డులో ఆయనే, గ్యాసు బుక్కులో ఆయనే.
విమానం ఆయన్నీ ఎక్కించుకోలేదు, నన్నూ ఎక్కించుకోలేదు.

వీసాకింకా నలభై రోజులుంది.
మళ్ళీ ముక్కు చూపిస్తాను,
ఈసారి మకారం నేనే దగ్గరుండి రాయిస్తాను.

సాయంత్రం కాశిమేడు రోడ్డు మీద స్కూటరాపాను.
దూరంగా నా క్రేన్‌లో ఎవడో కొత్తవాడు,
తొందర మనిషి, పెట్టెను ఊపుతున్నాడు.
పాస్‌పోర్టు లేని పెట్టె, ముక్కూ చెవులూ లేని పెట్టె,
గాల్లో తేలి ఓడ మీద తడబడింది.

కొంచెం ఎడమ,
అన్నాను మాస్కు లోపలే.