తాళంచెవి పోయిందని చెప్పాను

సంతలో బెత్తాలు ఏరి తెచ్చేది నేనే.
వంచి చూసేవాణ్ణి, విరగనివే కొనేవాణ్ణి.
అటెండరు మస్తాన్‌వలి తెచ్చిన బెత్తం
ఏడాదంతా ఆగుతుందని మార్కాపురంలో పేరు.
కుదురుగా ఉండని పిలకాయలకి అప్పట్లో
బెత్తం. దానికీ లొంగకపోతే దర్గా తాయెత్తు.
అదీ కాకపోతే టీసీ.

తర్వాత ఒంగోలు బస్సులో ఒకాయన దిగాడు, చేతిలో పెట్టె.
పెట్టెలో రంగు దిమ్మలు, బొమ్మల అట్టలు,
పరుగుపందెంలో వాడే గడియారం.
పూటకి ఇరవైమందిని కొలిచాడు.
నేను టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడ్డా.
తిరుపాలు వంతు.
"ఈ చెట్టు మీద తెల్లగా పడిందేమిట్రా?"
"పలకల పొడి సార్."
ఎర్రసిరాతో అడ్డగీత.
అట్టమీద ఉన్నది మంచు అంట.

కంభం రోడ్డులో మిల్లుల పక్క వేపచెట్లు
ఏడాది పొడుగునా అట్లాగే ఉంటాయి,
ఆకు తుడిస్తేగాని పచ్చదనం తెలీదు.
నోటిదాకా వచ్చింది.
టీ చల్లారిపోతోంది సార్, అని మాత్రం అన్నా.

తిరుపాలుకి ఒక అంకె వచ్చింది.
అంకెతో ఏం చెయ్యాలో ఎవరూ పంపలా.
అది బీరువాలో పడుకుంది,
వాడు మిల్లులో చేరాడు.

పోయిన జూన్‌లో వకుళమ్మ వచ్చింది.
మూడు బళ్లకి ఒకే మనిషి; మంగళవారం, శుక్రవారం మావి.
ఆ పోస్టు పేరు చదవడానికి
హెడ్మాస్టరు గారికే రెండుసార్లు పట్టింది.
స్టోరుగది ఇచ్చారు. విరిగిన బెంచీలు, వాలీబాల్ వల,
ఎలుకలు కొట్టిన బియ్యం గోతాలు బయటికి మోశా.
మధ్యలో బల్ల వెయ్యబోతే వద్దంది.
రెండు వారాలు పెట్టె తెరవలా.
వరండాలో కూర్చుని నన్నడిగింది:
"ఒంటరిగా అన్నం తినేది ఎవరు, వలీగారూ?"

ఇన్నేళ్ల సర్వీసులో పిలకాయల గురించి
నన్నెవరూ ఏమీ అడగలా.
చెప్పా. చెబుతూ చెబుతూ గంట కొట్టడం మర్చిపోయా.

ఎనిమిదో తరగతి ఓబులమ్మ,
కొళాయి వెనక, గోడ వైపు తిరిగి తింటుంది.
రిజిస్టరులో ఆ పిల్ల 'మొండి, నోరు విప్పదు'.
మూడు వారాలు ఆ గోడవైపే తిరిగి
తన క్యారియరు తనూ తిన్నది వకుళమ్మ.
పళ్లు. అంతే.
బోరునీళ్లకి గోధుమరంగు తేలిన పళ్లు.

మనసు కోసం వచ్చినావిడ
మంచినీళ్ల కోసం అర్జీ రాసింది.
స్టాఫ్‌రూములో నవ్వులు.
"ఇది సైకాలజీనా, పంచాయితీ ఆఫీసా?" అన్నాడు లెక్కల కోటిలింగం.
ఆయనే దసరా తర్వాత, అందరూ పోయిన ఒక సాయంత్రం
స్టోరుగది ముందు చెప్పులు విడిచాడు.
లోపల ఏం మాట్లాడాడో నేను వినలా.
విన్నా చెప్పను. నేనిక్కడ నేర్చుకున్న పని అదొక్కటే.

నెలకో ఫారం వస్తుంది.
'బాగుపడిన పిల్లల సంఖ్య' అని ఒక గడి.
ఒకసారి అందులో 'ఇంకా తెలియదు' అని రాసింది.
మెమో వచ్చింది.

బీరువా దులుపుతుంటే పాత ఫైలు దొరికింది.
'పలకల పొడి' దగ్గర ఆమె వేలు ఆగింది.
చెట్లు చూపించమంది. నడిచాం.
ఒక వేపాకు తుంచి, బొటనవేలితో తుడిచి,
చాలాసేపు ఏమీ అనలేదు.
బడికొచ్చాక ఎర్రగీత పక్కన
పెన్సిలుతో చిన్నగా 'సరైన జవాబు' అని రాసింది.
ఇరవై ఏళ్లయింది.
తిరుపాలుకిప్పుడు ఒకటే దగ్గు.

ఏప్రిల్‌తో కాంట్రాక్టు అయిపోయింది,
నాలుగు నెలల జీతం బాకీ ఉండగానే.
మళ్లీ జీవో రావాలంట. వస్తుందో రాదో.
"ఆ బెంచీలు లోపల పడెయ్ వలీ,
తాళంచెవి ఇట్టా ఇవ్వు" అన్నారు హెడ్మాస్టరు గారు.

చొక్కా లోపలి జేబులో
రొమ్ముకి గుచ్చుకుంటూనే ఉంది.

పోయింది సార్, అన్నా.
వెతుకుతా, అన్నా.