మైమూనా చూపించిన ఊరు

పదమూడు వారాల కాంట్రాక్టు మీద
బ్రూమ్ ఆసుపత్రికి వచ్చాను.
మొదటి వారమే తెల్ల సాక్సులు ఎర్రబడ్డాయి.
ఈ మట్టి ఉతికితే పోదు.
ఇక్కడివాళ్ళు ఉతకడమే మానేశారు.

ఆదివారం సెలవు. ఊరు చూపించే టికెట్టు ఇరవై డాలర్లు.
గుంపులో ఐదుగురం:
పెర్త్ నుంచి వచ్చిన రిటైరైన జంట,
పూటకో టోపీ మార్చే ఆసామి,
ఫోనులోంచి తల ఎత్తని అతని కూతురు, నేను.
మా ముందు మైమూనా అహ్మత్.
డెబ్బై దాటిన మనిషి, రబ్బరు చెప్పులు టపటపలాడిస్తూ
మమ్మల్ని బాతుపిల్లల్లా నడిపించింది.

"ఇది చైనాటౌన్. ఈ రేకులు చూడండి,
తుపాను పీకిన రేకునే తెచ్చి మళ్ళీ బిగించారు.
ఇది కప్పు లేని సినిమా హాలు.
హీరో ఏడుస్తుంటే నెత్తిమీద విమానం దిగుతుంది,
ఎందుకేడ్చాడో ఎవరికీ వినపడదు.
ఇవి ముత్యాల కోసం మునిగిన జపాను కుర్రాళ్ళ సమాధులు.
పేర్లు చదవడం నాకు రాదు.
వయసులు నేర్చుకున్నాను."

టోపీ ఆసామి కూడా కాసేపు టోపీ తీశాడు.

మధ్యాహ్నానికి సముద్రం లేచి వెళ్ళిపోయింది.
నిజంగానే. చెప్పా పెట్టకుండా
మైళ్ళ కొద్దీ బురద పరిచి పోయింది.
దూరంగా యుద్ధంలో కూలిన విమానాల ఎముకలు.
"సాయంత్రం టౌన్ బీచ్‌కి రండి,
వెన్నెల మెట్లు చూద్దురుగాని.
అక్కడ నా దుకాణం ఉంటుంది" అంది.

దుకాణమంటే ఒక మడత బల్ల.
బొగ్గుల మీద కోడిమాంసం పుల్లలు,
వేరుసెనగ పచ్చడి,
పళ్ళెంలో కొబ్బరికోరు దొర్లించిన పచ్చని ఉండలు.
"కొరక్కు. మొత్తం వేసుకుని నోరు మూసుకో."
నేను కొరికాను.
లోపల కరిగి కూర్చున్న బెల్లం చొక్కా మీదికి చిమ్మింది.

తాటిబెల్లం!
మా శ్రీకాకుళం సంతలో తాటాకు బుట్టకు అంటుకుపోయే
అదే నల్లటి, కాస్త పొగచూరిన తీపి.
"మలక్కా బెల్లం" అంది మైమూనా,
"మా తాత ఊరు. మా అమ్మ వైపు యావురు, ఈ నేలవాళ్ళు.
మరి నువ్వు? కెలింగ్ మనిషివా?
మీవైపు నుంచి వచ్చినవాళ్ళని తాత అలాగే పిలిచేవాడు."

ఆ మాటని కొందరు తిట్టుగా వాడతారని తెలుసు.
నవ్వొచ్చింది.
"మాది కళింగపట్నం దగ్గరే" అన్నాను.

మలక్కాకి ఆమె ఎన్నడూ వెళ్ళలేదు.
నేను వెళ్ళాను, సింగపూరు నుంచి బస్సులో, మూడు రోజులు.
అంతే, గరిట నాకిచ్చి స్టూలు మీద కూర్చుంది.
పొద్దుటి నుంచి ఊరు చూపించిన మనిషి
ఇప్పుడు చూపించమంటోంది.

పుల్లలు తిప్పుతూ చెప్పాను:
గడియారం పక్కన ఎర్ర గోడల కచేరీ,
కాగితం పూలు కట్టుకుని పాటలు అరిచే రిక్షాలు,
నిమ్మకాయంత అన్నం ముద్దలతో కోడికూర,
ఎండలో క్యూ కట్టి తిన్న మంచుకోరు,
దాని మీదా ఇదే బెల్లం,
పడవలోంచి చూస్తే నది గట్టున
ఎవరికీ దారివ్వని ఉడుము.
"ఉడుమూ చెప్పేవాడు!" అని తొడ మీద కొట్టుకుంది.

"మరి మెట్లు? ఇంటి మెట్ల మీద కూర్చుని
సముద్రంలో కాళ్ళు పెట్టేవాడట."

ఒక పుల్ల మాడింది.
అక్కడ సముద్రాన్ని మట్టిపోసి దూరం నెట్టారు.
ఆ ఒడ్డున ఇప్పుడు హోటళ్ళు.
"కొంచెం వెనక్కి వెళ్ళింది" అన్నాను.
"ఓ, అంతేనా? ఇక్కడ రోజుకి రెండుసార్లు వెళ్తుంది" అని
మాడిన పుల్ల తానే తినేసింది.
అక్కడిది తిరిగి రాదని నేననలేదు.

అప్పుడే జనం హో అన్నారు.
బురద అంచున నారింజ రంగు చంద్రుడు,
అక్కడి నుంచి మా కాళ్ళ దాకా
తడి మీద తడి మీద వెలుగు మెట్లు.
ఫోను పిల్ల ఫోను దించి చూసింది.
మైమూనా చూడలేదు. చిల్లర లెక్కపెడుతోంది.

నా చేతిలో పది డాలర్ల నోటు పెట్టింది.
"సగం ఊరు నువ్వే చూపించావు."
ఉండలకు మాత్రం డబ్బు తీసుకుంది.

ఆ నోటు ఇంకా ఖర్చు చేయలేదు.
పర్సులో పక్క నోటుకి అంటుకుపోయింది.