పచ్చి దుంప వాసన

హౌగెసుండ్‌లో ఫిబ్రవరి.
వాన పైనుంచి కాదు, పక్కనుంచి కురుస్తోంది.
రేవు వెనక, ఒకప్పుడు హెర్రింగ్ చేపలకి ఉప్పేసిన షెడ్డులో
పదకొండో నంబరు పీపా తెరిచాను.

ఏ చక్రవర్తి కోసమో ఇంత చిక్కగా కాచారట ఒకప్పుడు ఈ నల్ల బీరుని.
నేను కాచింది బ్యాంకు అప్పు కోసం.
మాడ్చిన బార్లీ, కాస్త ఓట్స్, తొమ్మిది నెలల చీకటి.
చివరి వారం బురుండి కాఫీ, పద్నాలుగు కిలోలు,
గింజ పగలకుండా గుడ్డసంచీలో కట్టి వేలాడదీశాను.

గడియారాన్నీ తూకాన్నీ నమ్మి కాచాను.
ముక్కుని నమ్మే రోజులు పోయాయి.
రెండు చలికాలాల కిందట ఒక జ్వరం వచ్చి
వాసనలన్నీ మూటగట్టుకుని పోయింది.
ముక్కుసూటి మనిషినని ఊళ్లో పేరు నాకు.
ఆ ఒక్క సంగతే ఎవరికీ చెప్పలేదు.

అందుకే ఆమెను పిలిచాను.
స్పెస్ కనేజా. మూడో నంబరు బస్సు నడుపుతుంది.
చిన్నప్పుడు కయాంజా కొండల్లో
కాఫీ ఆరబెట్టే బల్లల దగ్గర చెడ్డగింజలు ఏరానని
ఒకసారి రెండు స్టాపుల మధ్య చెప్పింది.

డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చింది.
గొడుగు దులిపి తలుపుకి ఆనించింది.
గ్లాసు వంచి, గోడకి పట్టిన నలుపు
ఎంతసేపటికి జారుతుందో చూసింది.

నేను ముందు తాగాను.
నాకు మిగిలింది నాలుక ఒక్కటే.
చేదు. చేదు అడుగున తీపి. బరువు.
గొంతులోంచి ఛాతీలోకి దిగే సెగ.
బావిలోకి చేద దిగిన చప్పుడు వినపడింది,
నీళ్లు కనపడలేదు.

ఆమె తాగలేదు. వాసన చూసింది.
కళ్లు మూసుకుని మళ్లీ చూసింది.
"నల్లద్రాక్ష తొక్క. ఎండిన నారింజ.
చెరకు చెత్త తగలబెట్టిన మర్నాటి పొలం."
నేను రాసుకున్నాను,
చెవిటివాడు పాట మాటలు రాసుకున్నట్టు.

ఉన్నట్టుండి ఆగింది.
ముక్కు గ్లాసులో ఉంచే నవ్వింది.
"ఒక్క గింజ."

ఏ గింజ?

"పచ్చి బంగాళదుంప. చెక్కు తీయగానే వచ్చే వాసన.
పురుగు కుట్టిన గింజ అది, పైకి తెలీదు.
మా అమ్మ పొద్దెక్కినప్పట్నుంచి పొద్దువాలేదాకా
వంగి ఏరేది. అయినా ఒకటి తప్పించుకునేది.
కొనేవాళ్లు చెంచాతో జుర్రి, ఉమ్మి,
తల అడ్డంగా ఊపితే చాలు,
బస్తాలన్నిటి ధరా పడిపోయేది.
ఆ రాత్రి ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు."

ఆరువందల లీటర్లు.
పారబొయ్యాలా అని అడగబోయి నోరు జారాను:
"నాకు తెలీలేదు. నాకు వాసన రాదు."

చల్లబరిచే మోటారు ఒక్కటే కాసేపు మాట్లాడింది.
ఆమె ముక్కున వేలేసుకోలేదు.
"నీ కోటు మాడిన రొట్టె వాసనేస్తుంది," అంది,
"నువ్వు దిగిపోయాక కూడా ఆ సీట్లో ఉంటుంది.
అయితే అది కూడా నీకు తెలీదన్నమాట."

తర్వాత స్ట్రాలు అడిగింది.
వాళ్ల జొన్నబీరు ఒకే కుండలో ఉంటుందట,
చుట్టూ మనుషులు, పొడుగాటి గొట్టాలు.
విషం లేదని చూపించడానికి ఇంటివాళ్లు ముందు తాగాలట.
"నువ్వు తాగేశావుగా. ఇంక పారబొయ్యడమెందుకు?"

గాజు జగ్గు, రెండు కాగితం స్ట్రాలు.
మెత్తబడేలోగా తాగాలి.
చేదుని చేదుకుంటూ
ఆ దుంప ఎక్కడుందో వెతికాను.
"ఇదిగో వచ్చింది," అంటుంది. "ఆ, పోయింది."
నేను ఆమె ముఖంలో చూస్తున్నాను,
వస్తున్నదీ పోతున్నదీ.

వానలో నడిచే ఇంటికి పోయింది.
గొడుగు తలుపు దగ్గరే ఉండిపోయింది.
పీపా మీద సుద్దముక్కతో రాశాను:
పదకొండు. ఒక గింజ.
ధర తగ్గించేది లేదు.