ఏమీ మోయని తీగ

తీగలు ఇంకా రాలేదు.
రేణిగుంట గోడౌన్‌లో ఆగాయట, లారీ దొరికితే రేపు.
అందుకే ఈ రోజు పనంతా కాగితం మీదే.
తిరుపతిలో ఓ ఆస్పత్రి అడుగు అంతస్తు, గోడకు చెమ్మ వాసన,
లెక్కల పుస్తకంలోంచి చింపిన గళ్ల కాగితం,
రెండు రంగు పెన్సిళ్లు, ఒక మామూలుది.

ఎడమ స్విచ్చికి ఎరుపు. కుడి స్విచ్చికి నీలం.
ప్రతి సర్వరు నుంచీ రెండూ బయల్దేరాలి,
ఒకే గొట్టంలో దూరకూడదు,
ఒకే ప్లగ్గు దగ్గర కరెంటు తాగకూడదు.
మొగిలికి ఒక్కసారికే అర్థమైంది:
"అలిపిరి మూసేస్తే శ్రీవారిమెట్టు. అంతే కదక్కా."
అంతే.
ఒక్కో తీగలో మళ్లీ రెండు పోగులు,
ఎక్కే ఘాటు వేరు, దిగే ఘాటు వేరు.
తారుమారైతే రెండు వైపులా ఎవరూ పలకరు.

కొలతకు టేపు చాలలేదు.
మొగిలి జేబులోంచి పురికొస తీశాడు.
వాళ్ల నాయన నారాయణవనంలో మగ్గం నేసేవాడు,
పడుగు కొలిచే చెయ్యి కొడుక్కీ వచ్చింది.
ర్యాకు మీంచి పైకి, ట్రే వెంట తూర్పు గోడ దాకా,
కిందికి, ఇంకో మూర.
"ఆ మూరెందుకక్కా?"
రేపెవరో పెట్టెను జానెడు పక్కకు లాగుతారు. అప్పటికి.
వంపు దగ్గర పిడికిలి పెట్టి చూపించాను,
ఇంతకన్నా ముడిస్తే వెలుగు మలుపులోనే కారిపోతుంది.
గాజు అరవదు. ఊరికే మసకబారుతుంది.

పదకొండింటికి అకౌంట్సు యతిరాజులుగారు దిగొచ్చారు,
కళ్లజోడు నుదుటి మీదికి తోసి
మామూలు పెన్సిలు గీతను పట్టుకున్నారు.
"ఇదేం మోస్తుందమ్మా?"
ఏమీ మోయదండీ.
"స్కాన్లు?"
మోయదు.
"బిల్లులు?"
అవీ లేవు.
"మరి దీనికో స్విచ్చి, దానికో కరెంటు లైను, మళ్లీ బ్యాటరీ!"
ఇరవై మూడు వేల మీద ఆయన వేలు ఆగిపోయింది.

చెప్పాలా వద్దా అనుకున్నాను.

మూడేళ్ల కిందట, చిత్తూరు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ.
జూన్ నెల, తోతాపురి లారీలు గేటు బయట మైలు పొడుగునా.
రాత్రి స్టోరేజీలో ఏదో ఇరుక్కుంది.
దాన్ని పలకరించే దారి నేనే గీశాను,
డబ్బు మిగులుతుందని, అందరూ పోయే దారిలోంచే.
ఆ దారే మూసుకుపోయింది.
తెరవాలంటే లోపలికి పోవాలి,
లోపలికి పోవాలంటే తెరవాలి.
బీరువా తాళంచెవి బీరువాలో పెట్టి మూసినదాన్ని నేను.
తెల్లారేదాకా తూకం చీటీ ఒక్కటీ రాలేదు.
బంగారుపాళెం నుంచొచ్చిన దొరసామి అనే ఆయన
టార్పాలిన్ ఎత్తి కాయను నొక్కి చూశాడు,
నన్నేమీ అనలేదు.
కాయ మెత్తబడే వాసన వస్తే
ఇప్పటికీ నా వేళ్లు కీబోర్డు వెతుక్కుంటాయి.

ఇదంతా యతిరాజులుగారికి చెప్పలేదు.
"అన్ని దారులూ పడిపోయిన రాత్రి
మిషన్‌తో మాట్లాడ్డానికండీ" అన్నాను.
"అట్లాంటి రాత్రి రాకపోతే?"
రాకపోతే మంచిదే కదా.
ఆయన సంతకం పెట్టలేదు, కొట్టివేయనూ లేదు.
గీత పక్కన చిన్న ప్రశ్న గుర్తు పెట్టి
మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కారు.

మధ్యాహ్నం పులిహోర పొట్లం విప్పి
ఎవరికి ఏ తలుపో రాసుకున్నాం.
మార్చే హక్కు నాకు.
కంపెనీ వాళ్లకు, పిలిచిన రోజే, పిలిచినంతసేపే.
అసలు పాస్‌వర్డు కవరులో పెట్టి, అంటించి,
రాత్రి డ్యూటీ మేట్రన్ బీరువాలో. మన బీరువాలో కాదు.
"నాకు?"
చూడ్డానికి.
"చూడ్డానికేనా?"
ఆరునెలలు చూడు మొగిలీ.
మూతి ముడుచుకుని లేబుళ్లు రాయడం మొదలుపెట్టాడు,
ఈ కొసకేం పేరో ఆ కొసకూ అదే పేరు,
తడి చేత్తో తుడిచినా పోని ఇంకుతో.

ఆ పెన్ను అడిగి తీసుకుని
మూడో గీత దిద్దాను.
ప్రశ్న గుర్తు దగ్గర చెయ్యి ఆగింది,
దాన్ని చెరపలేదు, పక్కనుంచే పోనిచ్చాను.

ఫోను మోగింది. లారీ రాత్రికే దొరికిందట.
కరకంబాడి దాటుతున్నాడట,
గేటు దగ్గర ఎవరైనా ఉండాలట.