పది కిలోలు

తెల్లారకముందే కైలాసగిరి మెట్లు.
వీపు సంచిలో పది కిలోల బియ్యం,
ఇంకా చీటీ తెంపని ఉన్ని టోపీ.
కొత్త బూట్లు మడమని కొరుకుతున్నాయి.

ఈ ఊళ్లో గాలిని పీల్చం, తాగుతాం.
అక్కడ, పద్నాలుగు వేల అడుగుల మీద,
ఊపిరి రేషను సరుకట
కొలిచి పోస్తారట.

పెదజాలరిపేట నూకరత్నం
మెట్ల మొదట్లో గంప దించి అడిగింది:
"అమ్ముకోడానికి మోత్తాం గానీ
ఊరికినే మోసీడమేటమ్మా?"

నవ్వాను. ఆయాసం వల్ల
జవాబు చెప్పలేదని అనుకుని ఉంటుంది.

పైన కూర్చుని లేసులు వదులు చేశాను.
లంగరేసిన ఓడల్లో దీపాలు
ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి.

రాత్రి ఇంట్లో బియ్యం నిండుకుంటే
ఆ సంచిలోంచే రెండు గ్లాసులు తీసి వండాను.
తగ్గినంత మేర
బీచి ఇసక పోశాను.

మర్నాడు మెట్టు మెట్టుకీ
వీపు వెనక
సన్నగా కెరటం చప్పుడు.